ఏడో ప్రతి

"ఇదీ అంతేనండీ," అంది ఆమె, టైపు చేసిన ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుంటూ.

మాస్టారు కళ్లజోడు తుడుచుకోవడం ఆపలేదు. "ఏమన్నారు?"

"బాగుందంటారు. వద్దంటారు. పిచ్చుక వానలో తిరిగిన రోజుల్ని రెండు పేజీల్లో ముగించేశానట, అవి ఇంకా కావాలట. ఈ ఏజెంట్లందరూ స్కూలు మాస్టర్లలా ఉన్నారేంటండీ బాబూ! మార్కులెయ్యరు, మళ్లీ రాసుకురమ్మంటారు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వబోయి ఊరుకున్నారు.

పిచ్చుక వాళ్ల కూతురు. తొమ్మిదో ఏట, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఆ తరవాత ఏడాది పాటు ఆ ఇంట్లో అవసరమైన మాటలే వినిపించాయి. ఒక సాయంత్రం ఆమె, కూతురు సగం వాడి వదిలేసిన నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ ఉంటే అది నవల అయింది. ఎవరైనా ఏజెంటు పూనుకుంటే తప్ప పెద్ద ప్రచురణకర్తలు కొత్తవాళ్ల నవల ముట్టుకోరని తెలిసి, ఏజెంట్ల చిరునామాలు సేకరించింది. ఆమెది క్లినిక్కులో చీటీలు రాసే ఉద్యోగం. పగలు ఇంటికి తాళమే. అందుకని జవాబులకు మాస్టారి బడి చిరునామా ఇచ్చారు. కట్ట కట్టడం ఆమె వంతు, పోస్టాఫీసు ఆయన వంతు.

వద్దన్న ప్రతిసారీ ఆమె మొదటి పేజీ నుంచి మళ్లీ రాసేది. శనివారాలు మాస్టారు ప్రశ్నపత్రాలు టైపు చేస్తూ బడిలోనే ఉండిపోయేవారు కాబట్టి ఆమెకు ఇల్లు నిశ్శబ్దంగా దొరికేది. రాసింది రాసినట్టు సాయంత్రం ఆయనకు చదివి వినిపించేది. పిచ్చుక మాట్లాడే చోట తన గొంతు సన్నం చేసేది.

"నాన్నా, సుద్దముక్క జేబులోనే పెట్టుకుని ఊరంతా వెతుకుతావేం?"

ఆ గంటసేపూ మాస్టారు కుర్చీలో కదిలేవారు కాదు.

ఆమె లేచి ఉత్తరాన్ని గోడమేకుకు గుచ్చింది. ఇది ఆరోది. రెండోది బడి రోజులు ఇంకా రాయమంది. నాలుగోది, జ్వరం దాకా వెళ్లడానికి అంత తొందరెందుకని అడిగింది.

"ఇక ఆపేస్తానండీ. ఓపిక లేదు."

ఆయన చేతిలో కళ్లజోడు ఆగింది. "ఇంకొక్కసారి రాయి. వాన ఒక్కటే కదా అడిగారు."

"మీరు లేకపోతే మొదటి ఉత్తరానికే మూలన పడేసేదాన్ని," అంది ఆమె, ఆయన భుజం మీద చెయ్యి వేసి.

మాస్టారు తల ఎత్తలేదు.

నాలుగు నెలలకు వాన పూర్తయింది. ఆ ఆదివారం ఆమె చెల్లెలు వచ్చింది. అక్క వంటింట్లోకి వెళ్లడం చూసి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"బావగారూ, అక్క మొహం చూశారా? ఎలా పీక్కుపోయిందో! మీరు వెనకనుంచి ఎగదోస్తుంటే ఎందుకు ఆపుతుంది?"

"రాస్తుంటే కాస్త తేలిగ్గా ఉంటుందని..."

"ఎవరికి?"

ఆయన గోడమేకుకున్న ఉత్తరాల వైపు చూశారు.

"సర్లెండి, ఈసారి పోస్టూ గీస్టూ వద్దు. మా ఆఫీసులో ఒకావిడ పిన్ని ఏజెంటే. కట్ట ఇటిచ్చెయ్యండి, నేరుగా ఆవిడ చేతిలో పెడతా."

"తప్పులు చూడాలి," అన్నారు మాస్టారు. "పేజీ నంబర్లు కూడా..."

"అక్క చూసుకోదా? దేవుడు కనబడినా ఆయన వరాల్లో తప్పులు దిద్దుతారు మీరు!"

ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఊరుకోవే. ఆయన చేతి మీదుగా వెళ్తేనే నాకు తృప్తి. ఆవిడ చిరునామా చెప్పు, కట్ట మీద రాసుకుంటాను."

చెల్లెలు చిరునామా చెప్పి వెళ్లిపోయింది. ఆమె కాగితాలు సర్దుతూ అడిగింది.

"ఆఖరి అధ్యాయం మీకు వినిపించలేదు. ఇన్నాళ్లూ పిచ్చుకను ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్లి అక్కడే ఆపేసేదాన్ని. ఈసారి పంపించేశానండీ. చదవనా?"

"వద్దు."

"ఎప్పుడో ఒకప్పుడు వినాలి కదా."

"ఇవాళ వద్దు."

ఆమె బలవంతం చేయలేదు. పురికొస చుట్టి, అలవాటు ప్రకారం రెండు ముళ్లు వేసింది. "నాలో ఉన్నదంతా ఇందులో పెట్టేశాను. మళ్లీ రాయలేను. ఇది అచ్చయితే పిచ్చుక నలుగురి ఇళ్లల్లో తిరుగుతుంది. మనింట్లో ఒక్కచోటే కూర్చుని ఏం చేస్తుంది పాపం? ఈసారైనా ఒప్పుకుంటారంటారా?"

"ఒప్పుకోకుండా ఎందుకుంటారు," అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

మర్నాడు ఎనిమిదింటికే ఆయన బయల్దేరారు. ఆమె కట్టను రెండు చేతులతో అందించింది. నిద్రపోతున్న పిల్లను అందించినట్టు అందించింది.

"పోస్టాఫీసు తొమ్మిదింటికి కదా, ఇప్పుడే ఎందుకండీ?"

"బడిలో కాస్త పనుంది."

స్టాఫ్‌రూమ్‌లో ఇంకా ఎవరూ లేరు. మాస్టారు కట్టను బల్ల మీద పెట్టుకుని దాని ముందు కూర్చున్నారు. పురికొస ముడి మీద చెయ్యి వేశారు, తీశారు. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. లేచి కట్టను చంకలో పెట్టుకుని గుమ్మం దాకా నడిచారు. వరండాలో పిల్లలు అరుచుకుంటూ పరుగెడుతున్నారు. వాళ్లు దాటిపోయేదాకా అక్కడే నిలబడ్డారు.

తరవాత వెనక్కి వచ్చారు. తాళంచెవి కోసం జేబు వెతుక్కుంటే ముందు సుద్దముక్క చేతికి తగిలింది. దాన్ని కాసేపు అలాగే పట్టుకుని, బీరువా తాళం తీశారు.

లోపల, ఆమె వేసిన రెండు ముళ్లూ వేసినట్టే ఉన్న ఆరు కట్టల మీద ఏడోది పెట్టారు.