హైదరాబాద్ ఖాళీ లేదు

"నా పేరు పక్కన ఆంధ్రప్రదేశ్ అని ఎందుకొస్తాంది?" సరోజన టీచర్ కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి అడిగింది.

తొర్రూరు సమ్మె శిబిరం పక్కనున్న నెట్ సెంటర్‌లో నిరంజన్ తల గోక్కున్నాడు. దీక్షలో కూర్చునేవాళ్ల పేర్లు ఎక్కించే వెబ్‌సైట్ తయారుచేసింది అతనే. సరోజన ఇరవై రోజులు ఊళ్లూ తండాలూ తిరిగి రాసుకొచ్చిన నాలుగు వందల పన్నెండు పేర్లు అందులో ఉన్నాయి. రేపు పొద్దున హైదరాబాద్ సభలో ఆ జాబితా చూపించాలి.

"పేరు ఊరికి, ఊరు జిల్లాకు, జిల్లా రాష్ట్రానికి ముడిపడి ఉంటయి టీచర్. రాష్ట్రాల పట్టికల ఆంధ్రప్రదేశ్ ఒక్కటే ఉన్నది."

"అయితే మనది పెట్టు."

నిరంజన్ కొత్త ఫారం తెరిచి 'తెలంగాణ' అని కొట్టాడు. రాజధాని ఏదని అడిగింది. రాజధానుల జాబితాలోంచి హైదరాబాద్‌ని ఎంచుకుని సేవ్ నొక్కాడు. ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఏమంటాంది?"

"హైదరాబాద్ ఖాళీ లేదంటాంది. ఒక రాజధాని ఒక్క రాష్ట్రానికే అని నేనే రాసిన టీచర్. గిట్లయితదనుకోలే."

మాట శిబిరానికి పాకింది. మెడలో దండలతోనే పదిమంది లోపలికొచ్చారు. ముందు ఆటో యూనియన్ సాయిలు.

"మనూరోనివి, నువ్వే గిట్ల రాస్తివా?"

"ఇప్పటికి వరంగల్ పెడ్దామా అన్నా? సేవ్ అయితది."

వాళ్లు చూసిన చూపుకు నిరంజన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇద్దరు కంప్యూటర్ ముందే బైఠాయించారు. నినాదాలు మొదలయ్యాయి. "అది మిషిన్ అన్నా, దానికి ఇనబడది" అని సెంటర్ నడిపే శోభ చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు.

"పాతది తీసెయ్," సాయిలు తేల్చేశాడు. "గది పోతే హైదరాబాద్ మనకొస్తది."

"తీసేస్త అన్నా, జర ఆగు. ముందుగాల జిల్లాలను దాన్నుంచి విడదీయాలె, లేకుంటే..."

"అరవై ఏండ్ల సంది ఆగుతనే ఉన్నం."

సాయిలు మౌస్ లాక్కున్నాడు. తెర మీద ఇంగ్లీషులో పొడుగాటి ప్రశ్న వచ్చింది. చదవకుండానే అవునని నొక్కాడు. తర్వాత తనే ఒక్కో అక్షరం వెతికి తెలంగాణ అని కొట్టి, హైదరాబాద్ పెట్టి, సేవ్ చేశాడు.

ఈసారి పచ్చటి అక్షరాలు వచ్చాయి.

బయట డప్పులు మోగాయి. ఎవరో నిరంజన్ మెడలో దండ వేశారు. అతను మాత్రం తెర వైపే చూస్తున్నాడు. సరోజన కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కొత్తగూడ తండా నుంచి దీక్షకొచ్చిన మంగ్లీ జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది.

"నా పేరేడున్నదో సూపియ్యి బిడ్డా."

నిరంజన్ కదల్లేదు. సరోజనే వంగి జాబితా తెరిచింది.

రాష్ట్రం: తెలంగాణ. రాజధాని: హైదరాబాద్. మనుషులు: సున్నా.