ముడుచుకున్న అలుగు

అలుగు రెండు రోజులుగా విచ్చుకోలేదు.

పార్సిల్ షెడ్డులో, గోనెమూటలో దొరికిందది. సంరక్షణ కేంద్రానికి తెచ్చినప్పటి నుంచీ ఒళ్ళంతా బంతిలా చుట్టేసుకుని, పొలుసులు బిగించి పడి ఉంది. చీమలు పెట్టినా, చెదపుట్ట మట్టి పెట్టినా మూతి బయటికి తీయలేదు.

డాక్టరమ్మకి కంటిమీద కునుకు లేదు. పళ్ళు లేని జంతువు, నాలుకతో చీమల్ని ఏరుకుని బతకాలి. బోనులో పెడితే పేరుకు తగ్గట్టే అలిగి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. అయినా నాలుగేళ్ళలో తన దగ్గరికొచ్చిన పద్ధెనిమిదింటినీ ఆమె బతికించి అడవికి పంపింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త పెరిగేది. పెరగడంలో తప్పేమీ లేదు.

మధ్యాహ్నం మత్తిచ్చి దాన్ని విప్పదీసి, గొట్టంతో జావ పట్టించాలని నిర్ణయించింది.

అప్పుడే గేటు దగ్గర గొడవైంది. ఎవరో పెద్దాయన అలుగుని ఒక్కసారి చూడనివ్వమని కాపలావాణ్ణి బతిమాలుతున్నాడు. మత్తుమందు మాట కాపలావాడి నోటివెంటే విన్నట్టున్నాడు, డాక్టరమ్మ కనిపించగానే ముందుకొచ్చాడు.

"దాన్ని విప్పకండమ్మా. పొట్ట దగ్గర పిల్ల ఉంది."

"మీకెలా తెలుసు?"

పెద్దాయన తల దించుకున్నాడు.

"తెలుసమ్మా. అంతే."

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. పొలుసుల కోసం అలుగుల్ని పట్టి అమ్ముకునేవాళ్ళు ఇలాగే ఆరా తీయడానికి వస్తారు. ఎక్కువ తెలిసినవాణ్ణి వదలకూడదన్నది ఆ కేంద్రంలో మొదటి నియమం. మూటలో పిల్ల ఉందని మూట కట్టినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

వెంటనే అటవీశాఖకి ఫోన్ చేసింది.

ఇద్దరు గార్డులు వచ్చి ఆయన్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. మూట ఎవరిచ్చారు, ఎక్కడికి పోతోంది, నీ వాటా ఎంత అని అడిగారు. కూలి పని చేసుకుంటానని తప్ప ఆయన నోరు మెదపలేదు. నిజం చెప్తే వదిలేస్తామని డాక్టరమ్మ కూడా అంది.

"పిల్ల బాగుందా అమ్మా?" అన్నాడాయన.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. సూది వేసేముందు, ఎందుకైనా మంచిదని ఎక్స్‌రే తీయించింది. తల్లి పొట్టకి అతుక్కుని, పిడికిలంత పిల్ల.

బలవంతంగా విప్పి ఉంటే ఏమయ్యేదో ఆమెకి అర్థమైంది. సూది పక్కన పడేసింది. గదిలో మట్టి పోయించి, కిటికీలకి గుడ్డ కట్టించి, చీమలగూడు పెట్టించి తలుపు మూసింది. తెల్లారేసరికి గూడు ఖాళీ. తల్లి తోక మీద పిల్ల ఎక్కి కూర్చుంది.

పెద్దాయన మాట నిజమైనకొద్దీ డాక్టరమ్మ అనుమానం బలపడింది. సాక్ష్యం లేక గార్డులు సాయంత్రమే వదిలేశారు గానీ, మళ్ళీ గేటు ఛాయలకి రానివ్వొద్దని ఆమె గట్టిగా చెప్పింది. తర్వాత రెండుసార్లు వచ్చాడట. తరిమేశారట.

మూడు నెలలకి తల్లి, తల్లి తోక మీద పిల్ల, దర్జాగా అడవిలోకి నడిచి వెళ్ళాయి.

కేంద్రంలో చిన్న సభ జరిగింది. పట్నం నుంచి అటవీశాఖ పెద్ద అధికారి వచ్చి శాలువా కప్పబోతే డాక్టరమ్మ వద్దంది.

"వైద్యం ఒక్కటే మాది సార్. పంతొమ్మిది మూటల గురించీ మీకు రహస్యంగా ఫోన్ చేసి చెప్పింది ఒకే మనిషని విన్నాను. ఆయన్ని ఒక్కసారి ఈ కుర్చీలో కూర్చోబెట్టి, ఈ శాలువా నా చేత్తో కప్పాలనుంది."

అధికారి శాలువా మడిచి బల్ల మీద పెట్టాడు.

"పది రోజుల క్రితం పోయాడమ్మా. కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. పార్సిల్ షెడ్డులో హమాలీ. మూట భుజానికెత్తితే లోపల ఎన్ని ప్రాణాలున్నాయో చెప్పేసేవాడు. తన సంగతి నాకు తప్ప మా గార్డులక్కూడా తెలియనిచ్చేవాడు కాదు. బయటపడితే ఆ తర్వాత ఏ మూటా ఆ షెడ్డుకి రాదనేవాడు. అలాంటి మనిషి నన్ను నమ్మాడు, నాకదే గర్వం."

జేబులోంచి ఫోన్ తీసి ఫొటో చూపించాడు.

డాక్టరమ్మ లేచి నిలబడింది.

పంతొమ్మిది మూటల్నీ భుజాన మోసి తన దాకా చేర్చిన ఆ మనిషి, తను వరండాలో దొంగలా కూర్చోబెడితే పిల్ల క్షేమం తప్ప ఇంకేమీ అడగని పెద్దాయనే.