మూడింటి కూత

నీటికోడి టైం ప్రకారం కూస్తోంది. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. ఆదివారం సెలవు.

"పక్షికి వీక్లీ ఆఫ్ ఎవరిచ్చారు, దినేశ్?" అంది ప్రవీణ.

సిటీలో కొత్తగూడ ఆఫీసు, నాలుగో అంతస్తు. రెండు వందల కిలోమీటర్ల అవతల, బొగ్గు తవ్వి వదిలేసిన గుంతలో నీళ్లు నిలిచాయి. దాన్ని పక్షులుండే మడుగుగా మార్చే పని వీళ్లది. గట్టున పెట్టిన మైకు అక్కడి శబ్దాలను ఇక్కడి కంప్యూటర్‌కి పంపుతుంది. నెలాఖరుకి నీటికోళ్లు చేరినట్టు రుజువు కావాలి. లేకపోతే గుంతని కరెంటు ప్లాంటు బూడిదతో పూడ్చేస్తారు.

గుంతకి కాపలాదారు బాలనర్సయ్య. రిటైరైన గని కార్మికుడు. నాలుగేళ్లుగా గట్టు చుట్టూ తుంగ నాటుతున్నాడు.

గనిలో షిఫ్టులు మారేది కూడా ఏడింటికీ, మూడింటికీ అని దినేశ్ కనుక్కున్నాడు. కూసేది పక్షి కాదు, కాపలాదారేనని ఇద్దరూ తేల్చుకున్నారు. బాలనర్సయ్యకి కబురు పంపారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని మీటింగ్ రూంలో కూర్చోబెట్టారు. ఫోన్ తీసుకుని డ్రాయర్‌లో పెట్టారు.

"కాకా, నీటికోడి లెక్క జర కూయరాదే" అన్నాడు దినేశ్.

"నాకేడొస్తది సారు? నలభై ఏండ్లు బొగ్గు మింగిన గొంతు." దగ్గి చూపించాడు.

"మరి ఆదివారం ఎందుకు కూయదండీ?" అంది ప్రవీణ.

"ఆదివారం గుంత పక్కన అంగడి, మేడం. ఆ లొల్లిల నేను పిలిస్తే నా పెండ్లామే పలుకది. పిట్ట పలుకుతదా?"

మూడయింది. స్పీకర్‌లో గాలి తప్ప ఏమీ లేదు. బాలనర్సయ్య టీ తాగడం ఆపాడు.

మూడూ అయిదు. దినేశ్ కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఇయ్యాల పిట్ట లీవు పెట్టిందా, కాకా?"

బాలనర్సయ్య బిస్కెట్‌ని టీలో ముంచి తీయడం మరిచాడు.

మూడూ పదకొండుకి కూత వినబడింది. దానికి ఇంకో కూత బదులిచ్చింది. కంప్యూటర్ రెండు నీటికోళ్లని నమోదు చేసింది.

ప్రవీణ రిపోర్టు మీద అక్కడే సంతకం పెట్టింది.

"గుంత ఇక పూడ్చరండీ. మిమ్మల్ని అనవసరంగా అనుమానించాం."

దినేశ్ లిఫ్టు దాకా వచ్చి ఫోన్ తిరిగిచ్చాడు. ఆయన కళ్లలోకి చూడలేదు.

బాలనర్సయ్య ఫ్లైఓవర్ కింద నిలబడి తన భార్య భూలక్ష్మికి ఫోన్ చేశాడు.

"శబాష్. జర లేటైనా నాకంటె నువ్వే మస్తు కూసినవ్. ఆ రెండో గొంతు ఎవలది, మీ చెల్లెదా?"

"కూసుడేంది? రెండింటి సంది ఫోన్ చేస్తున్న, ఎత్తవైతివి, జరమొచ్చి నేనియ్యాల గుంత దిక్కే పోలే."