గోధుమ తగలని కేకు

అమ్మమ్మ తెల్లవారకముందే స్నానం చేసి, జుట్టుకి గుడ్డ బిగించి కట్టుకుని వంటింట్లోకి అడుగుపెట్టింది. ఇవాళ మనవరాలు వస్తోంది.

పిల్లకి గోధుమ పడదు. గోధుమపిండి గానీ మైదా గానీ రవ్వంత కడుపులోకి వెళ్ళినా చాలు, వాంతులు, మెలికలు తిప్పే నొప్పి. పోయిన రెండు నెలలూ సరిగ్గా ఈ ఇంటికి వచ్చిన రోజే అలా అయింది. తల్లి లేని పిల్ల. నెలకో ఆదివారం ఇక్కడికి పంపడమే అల్లుడు చేస్తున్న పెద్ద ఉపకారం. ఆ అల్లుడే మొన్న ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

"ఇంకొక్కసారి ఇలా అయితే పంపను అత్తయ్యా. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటుంది? ఆవిడకి మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

అందుకే ఈసారి ఎక్కడా సందివ్వలేదు. పిండిమరకి పంపితే అంతకుముందు ఆడించుకున్న వాళ్ళ గోధుమపిండి కలుస్తుందని, బియ్యం తనే కడిగి, పాత చీర మీద ఆరబెట్టి, కొత్త మిక్సీలో పట్టింది. జల్లెడ కొత్తది. గిన్నె కొత్తది. బాదంపప్పులు ఒక్కొక్కటే చూసి మరీ పొడి చేసింది. చక్కెర బదులు ఖర్జూరం, బాగా మాగిన అరటిపండు. పక్కింటావిడ బ్రెడ్డుముక్క నములుతూ గుమ్మం దాకా వస్తే, "అక్కడే ఆగు తల్లీ, నీకు దండం పెడతాను" అని ముఖం మీదే తలుపేసింది.

చాదస్తమే. కాదని ఆవిడ కూడా అనదు.

పిల్ల వచ్చింది. వచ్చీ రాగానే అమ్మమ్మ వాటేసుకుంది. కూతురి చిన్ననాటి గౌను తొడిగింది. కూతురికి వేసినట్టే రెండు జడలు వేసి, కూతురి ఫోటోకి ఎదురుగా కూర్చోబెట్టింది.

"అచ్చం మీ అమ్మే! చిట్టీ, ఇటు చూడవే."

"చిట్టి అంటే అమ్మ కదా అమ్మమ్మా. నేను కాదుగా."

"నువ్వే నా చిట్టివి" అని ముద్దుపెట్టుకుని, కేకు కోసి నోటికందించింది.

పిల్ల బుద్ధిగా తింది. "బాగుంది" అని కూడా అంది. అమ్మమ్మకి ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి.

అమ్మమ్మ పిల్ల మూతి తుడిచి పడుకోబెట్టింది. అల్లుడికి ఫోన్ చేసి, వంటింట్లోకి పరుగెత్తి జల్లెడ తిప్పి చూసింది. మిక్సీ మూత వాసన చూసింది. ఖర్జూరం ప్యాకెట్టు మీద సన్నటి అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి తన చేతుల్నే తిప్పి తిప్పి చూసుకుంది. దోషం వీటిలోనే ఉందనుకుంది.

అల్లుడు తిట్టడానికే వచ్చాడు. ఆవిడ ముఖం చూశాక నేరుగా పిల్ల దగ్గరికి నడిచాడు.

"నేనే చెబుతున్నా బాబూ, ఇక తీసుకురావద్దు. నా చేతులతో నేనే దాన్ని చంపేసుకునేలా ఉన్నాను."

"అదేం మాట అత్తయ్యా..."

"ఫోన్ కూడా చేయించకు. దాని గొంతు వింటే ఉండలేను. మళ్ళీ పంపమని నీ కాళ్ళు పట్టుకుంటాను."

అతను పిల్లని ఎత్తుకెళ్ళి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. అమ్మమ్మ చివరిసారి బుగ్గలు నిమరబోయి, చేతులు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. గేటు పట్టుకుని, ఏడుపు వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

కారు మలుపు తిరగ్గానే పిల్ల కడుపు పట్టుకునే లేచి కూర్చుని, పొద్దున వచ్చేటప్పుడు సగం తిని సీటు కింద దాచిన మైదా బన్నుని తీసి, ఇక దాంతో పని లేదు కాబట్టి, కిటికీలోంచి బయటికి విసిరేసింది.