సందు వైపు గోడ

“డాబా మీద పెడతానమ్మా, సందు వైపు వద్దు,” అన్నాడు రామాంజి, సంచిలోంచి డ్రిల్లింగ్ మిషను తీయకుండానే.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టించాలన్నది ఝాన్సీలక్ష్మి అప్పటిదాకా ఆలోచించనే లేదు. ఆమెకు కావలసింది పడకగది చల్లబడటం. మే నెల నరసరావుపేటలో మధ్యాహ్నం పూట గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కానీ పనివాడు వస్తూనే ‘వద్దు’ అంటే మాత్రం ఆమె చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఇరవై ఎకరాల ఇంట పుట్టి ముప్పై ఎకరాల ఇంట మెట్టిన మనిషి. ఆమెకు వద్దని చెప్పి బతికి బట్టకట్టినవాడు ఆ వీధిలో లేడు. కట్టుకున్న శ్రీహరి కూడా ఆ సాహసం ఎప్పుడో మానుకున్నాడు.

“షాపోళ్ళు ఖలందర్ వస్తాడన్నారే. నువ్వెవరు?”

“అతనికి రేపటిదాకా కుదరదంటమ్మా. ఈ ఎండలో మీరు ఇబ్బంది పడతారని నేనొచ్చా. మాది నాదెండ్ల.” తలకూ మూతికీ కలిపి చుట్టుకున్న తువ్వాలులోంచే చెప్పాడు రామాంజి.

“సరే. సందు వైపు ఎందుకొద్దు?”

“ఎదురుగా గురవయ్యని ఒక ముసలాయన ఉన్నాడమ్మా. మన గోడకీ ఆయన గోడకీ రెండు బారల దూరం లేదు. ఆ గదికి ఒకటే కిటికీ. మంచం దాని పక్కనే. మన మిషను వేడిగాలి సూటిగా ఆయన మొఖానికి కొడద్ది.”

“కిటికీ మూసుకుంటాడు.”

“మూస్తే ఊపిరాడదమ్మా. క్వారీలో రాయి కొట్టిన మనిషి. ఊపిరితిత్తుల నిండా దుమ్మేనంట. గాలాడే చోట ఉంచకపోతే బతకడని డాక్టరు చెప్పాడంట. టీకొట్టు దగ్గర అనుకుంటన్నారు.”

ఝాన్సీలక్ష్మి తటపటాయించింది. ఆమె గుండె మరీ బండరాయేం కాదు. “పోనీలే, డాబా మీదే...” అనబోయింది.

రామాంజి అక్కడితో నోరు కట్టేసుకుంటే సరిపోయేది.

“అయ్యగారు కూడా ఫోన్లో డాబా మీదే అన్నారమ్మా. పైగా ఆ సందు వాళ్ళదేనంట గదా. ఆమె మిషను ఇటు పెట్టదులే, పెడితే ముసలోడు ఊరుకోడు అని టీకొట్టు దగ్గర అంటన్నారు.”

“ఎవడన్నాడు?” ఝాన్సీలక్ష్మి మొహం ఎర్రబడింది. “మా మామగారు వదిలిన సందది. మా గోడకి మేం ఏం పెట్టుకుంటే వాడికేంది? అక్కడే పెట్టు.”

“అమ్మా, నా మాట యినండి. ముసలి ప్రాణం.”

“నీకేమన్నా చుట్టమా వాడు?”

“మనిషే గదమ్మా.”

“ఆ మనిషి సంగతి నీకు తెలవదులే. మేం ఈ ఇల్లు కట్టకముందే కన్నకొడుకుని మెడబట్టి గెంటాడంట. ఇప్పుడు ఇల్లంతా కూతురు నాగవేణి పేర రాస్తన్నాడు. సోమవారం రిజిస్ట్రేషను. అట్టాంటోడి మీద నీకు జాలేంది? పెడతావా, ఇంకొకణ్ణి పిలిపించనా?”

రామాంజి తల దించుకున్నాడు. “మీ ఇష్టమమ్మా. రేపెవరన్నా అడిగితే మాత్రం, నేను చానా చెప్పి చూశానని చెప్పండి.”

“చెప్తాలే. నేనే పెట్టించానని చెప్తా. నాకు భయమేంది?”

సందులో స్టూలు వేసుకుని రామాంజి గోడకు గుర్తులు పెట్టాడు. వెనక కిటికీలో నులకమంచం మీద గురవయ్య పడుకుని ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. మిరపకాయల తొడాలు తీసే పనికి పోయిన నాగవేణి సాయంత్రం గానీ రాదు. డ్రిల్లింగ్ మొదలవగానే ఇటుక దుమ్ము లేచి కిటికీలోకి పోయింది. ముసలాయన దగ్గుతూ మోచేతి మీద లేవబోయాడు, లేవలేకపోయాడు.

“ఎవురయ్యా అది? కాస్త అవతలకి పెట్టుకోరాదా నాయనా,” అన్నాడు ఆయాసపడుతూ.

రామాంజి వెనక్కి తిరిగి చూడలేదు. తువ్వాలు కళ్ళ దాకా లాక్కుని నాలుగు బోల్టులూ బిగించాడు, స్టాండు మీద యూనిట్ ఎక్కించాడు, రాగి పైపులు కలిపాడు. ఎవరి మీద ఎంత జాలి ఉన్నా పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

స్విచ్ వేసిన పావుగంటకే పడకగది చల్లబడింది. ఝాన్సీలక్ష్మి మంచం మీద కూర్చుని మెడ వెనక చెమట ఆరబెట్టుకుంది. సందులో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దాని అవతల దగ్గు మొదలై ఎంతకీ ఆగడం లేదు.

“కిటికీ అద్దాలు మూయండమ్మా, చల్లదనం పోద్ది,” అన్నాడు రామాంజి.

మూసింది. దగ్గు వినపడటం ఆగిపోయింది.

“కొత్త మిషనమ్మా. మూడు రోజులు రాత్రీ పగలూ ఆపకుండా నడపండి. అప్పుడే సెట్టవుద్ది. మధ్యలో ఆ ముసలాయన తరఫున ఎవరన్నా వచ్చి బతిమాలితే మీకు మనసు కరుగుద్దేమో.”

“నాకా? వారమైనా ఆపను. రమ్మను ఎవరొస్తారో,” అంది ఝాన్సీలక్ష్మి.

రామాంజి దణ్ణం పెట్టి సంచి భుజానికేసుకుని బయటకొచ్చాడు. వీధి మలుపు తిరిగాక బండి ఆపి, తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, పెళ్ళాం మంజులకి ఫోన్ చేశాడు.

“ఏమైంది?” అంది మంజుల.

“పనైంది, మా నాయన సోమవారం దాకా ఉండడు.”