పదిహేడో ఆధారం

"ఈ పదిహేడో నంబరు పుస్తకం నువ్వు కళ్లారా చూశావా అమ్మాయ్?"

లైబ్రేరియన్ గారు కళ్లజోడు పైనుంచి చూస్తూ అడిగేసరికి చీమ జాబితా మీదికి వంగి చూసింది. రాత్రనక పగలనక పుస్తకాల మధ్యే తిరుగుతుందని తోటి పరిశోధక విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు అది.

థీసిస్‌లో ఆధారాలు ఎలా రాయాలో లైబ్రరీలో నేర్పే వర్క్‌షాపుకు అది ఆఖరి రోజు. థీసిస్ ఇవ్వబోయే ప్రతివాళ్లూ తమ ఆధారాల జాబితా తెచ్చి ఆవిడ ముందు పెట్టాలి. ఆవిడ ఏదో ఒక నంబరు చుట్టూ సున్నా చుడుతుంది. ఆ పుస్తకం తెచ్చి చూపించాలి, లేదా ఎక్కడ చూశారో చెప్పి ఒప్పించాలి. ఈ ఏడాదే పెట్టిన నియమం ఇది. ఆవిడ స్టాంపు లేనిదే ఆఫీసులో థీసిస్ తీసుకోరు. ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. ఈ రోజు దాటితే మళ్లీ ఆరు నెలలకే. సోమవారం లెక్చరర్ ఉద్యోగంలో చేరాలంటే థీసిస్ ఇచ్చినట్టు రసీదు చూపించి తీరాలి.

చీమ జాబితాలో నూట పన్నెండు ఆధారాలున్నాయి. నూట పదకొండు తాను చదివినవే, నోట్సు రాసుకున్నవే. ఆవిడ పెన్సిలు సరిగ్గా వెళ్లి ఆ మిగిలిన ఒక్కదాని మీదే పడాలా? 'పాత నగరాల నీటి దారులు', నలభై మూడో పేజీ. తన గైడు ప్రొఫెసర్ గారి థీసిస్‌లో కనిపించింది. అంతటి ఆయన రాశాక మళ్లీ చూసేదేముందిలే అని ఎత్తి రాసేసుకుంది.

"చూశాను మేడమ్," అంది. అనేశాక నాలుక కరుచుకుంది.

"ఎక్కడ?"

"ఇక్కడే... మన లైబ్రరీలోనే."

"మన లైబ్రరీలోనా!" ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "కంప్యూటర్లో లేదే మరి?"

"పాతది కదా మేడమ్, ఎక్కించి ఉండరు. మూడో అంతస్తులో, కిటికీ పక్క బీరువాలో ఉండేది."

"అట్ట ఏ రంగు?"

"ఎరుపు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒళ్లో ఫోను వణికింది. అమ్మ మెసేజ్: 'ఇచ్చేశావా తల్లీ? నాన్న ఇప్పటికి పదిసార్లు అడిగారు.' చీమ ఫోను బోర్లా తిప్పేసింది.

అంతలో తలుపు తోసుకుని ప్రొఫెసర్ గారు వచ్చారు. "ఏమిటమ్మా, నేను సంతకం పెట్టి గంటైంది. ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

"ఒక్క పుస్తకం దగ్గర ఆగాం సార్," అంది లైబ్రేరియన్ గారు, జాబితా ఆయన వైపు జరుపుతూ.

ఆయన వంగి చూసి గట్టిగా నవ్వారు. "దీని గురించా ఇంత రభస? నా థీసిస్ నిలబడిందే దీని మీదండీ! మొదటి పేజీ నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. నీలం అట్ట. ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది."

నీలం! చీమ ఎరుపని చెప్పి ఇంకా నిమిషం కాలేదు.

"అదీ... తర్వాత బైండింగ్ చేయించాక ఎరుపు..." అని గొణిగింది.

"ఇక్కడ బైండింగుకు పంపేది నేనేనమ్మా," అంది లైబ్రేరియన్ గారు మెల్లగా.

గదిలో అందరూ తననే చూస్తున్నారు. గడియారం నాలుగున్నర. ఇంకో అబద్ధం వెతుక్కోబోయింది. దానికి బదులు ఏడుపొచ్చేసింది.

"నేను చూడలేదు మేడమ్. సార్ థీసిస్‌లోంచి ఎత్తి రాశాను. మిగతావన్నీ చదివాను, ఒట్టు. ఇదొక్కటే..."

ప్రొఫెసర్ గారి మొహం జేవురించింది. "చదవని పుస్తకం చదివానని రాస్తావా? ఇదేనా నా దగ్గర నేర్చుకున్నది? నా పరువు గంగలో కలిపావు కదా! మేడమ్, స్టాంపు వేయకండి. నా సంతకం కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఇలాంటివాళ్లు లెక్చరర్లైతే పిల్లలకు ఏం చెబుతారు?"

ఐదేళ్ల కష్టం, సోమవారం ఉద్యోగం, ఇంట్లో ఫోను పట్టుకు కూర్చున్న నాన్న, అన్నీ ఆయన నోటి మాటతో పోయాయి. చీమ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

లైబ్రేరియన్ గారు ఎర్ర పెన్ను తీసి పదిహేడో నంబరును అడ్డంగా కొట్టేసింది. పక్కన పొట్టి సంతకం పెట్టింది. స్టాంపును ఇంకు ప్యాడు మీద అద్ది, ఠపీమని కాగితం మీద వేసింది.

"చూడలేదని నీ నోటితో నువ్వే చెప్పావు. నాకది చాలు. కళ్లు తుడుచుకుని వెళ్లు, ఐదు కొట్టేస్తుంది."

"అదేమిటండీ!" ప్రొఫెసర్ గారు బల్ల గుద్దారు. "గైడుగా నేనే వద్దంటుంటే స్టాంపు వేసేస్తారా? పైగా అంత గొప్ప పుస్తకాన్ని కొట్టేస్తారా? మీ లైబ్రరీలో పోగొట్టుకుని, తప్పు పుస్తకానిదన్నట్టు!"

లైబ్రేరియన్ గారు పెన్ను మూత పెట్టి, మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది.

"ఆ నీలం అట్ట నాకూ ఒకసారి చూడాలనుంది సార్. ఇరవై రెండేళ్ల కిందట మీరు విద్యార్థిగా ముందు వరసలో కూర్చున్న వర్క్‌షాపులో, పుస్తకం వివరాలు ఎలా రాయాలో చూపించడానికి ఆ పేరూ ఆ పేజీ నంబరూ అప్పటికప్పుడు కల్పించి బోర్డు మీద రాసింది నేనే."