ఎబినేజర్ సారు శ్రుతి

“గా ట్యూబ్‌లైటు జోలికి పోవద్దు, బిక్షపతీ” అన్నారు ఎబినేజర్ సారు, పైకెక్కిన ఎలక్ట్రీషియన్‌తో, నిచ్చెన కాలు పట్టుకొని.

“ఎప్పుడు జూడు జుయ్యిమని మోగుతుంది సార్. మైకుల గూడ గదే మోత” అంది గాయకబృందంలో కీబోర్డు వాయించే నిస్సి.

“మోగనీ. నీకేం కష్టమొచ్చింది?”

మెదక్‌లోని ఆ చర్చిలో పాటలకు కీబోర్డు ఉన్నా, ఆదివారపు కీర్తనను మాత్రం వాద్యం లేకుండా చాంట్‌గానే పాడతారు. మాటలన్నీ ఒకే స్వరం మీద బారుగా నడిచి, పాదం చివర కాస్త వంపు తిరుగుతాయి. ఆ మొదటి స్వరం తప్పిందా, సభ మొత్తం తలో దారి పడుతుంది. ఆ శ్రుతి అందించడం హెడ్‌మాస్టరుగా రిటైరైన ఎబినేజర్ సారు హక్కు. ఏళ్ల తరబడి ఆయన వెంట్రుకవాసి తప్పింది లేదు.

“చాంట్‌కు గూడ నేను సుతి ఇస్త సార్. ఒక్కసారి ఇయ్యనియ్యుండ్రి.”

“నా గొంతు తప్పిన దినం ఇద్దువుగాని.”

“మాట మీద ఉంటరా?”

“హెడ్‌మాస్టరు మాటమ్మా అది.”

ఈలోగా బిక్షపతి లైటు మార్చేసి నిచ్చెన దిగాడు.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు కీర్తన ప్రకటించగానే సభ లేచి నిలబడింది. ఎబినేజర్ సారు నోరు తెరిచారు. స్వరం రాలేదు. గొంతు సవరించుకున్నారు. తల పైకెత్తి చూశారు. కొత్త లైటు చప్పుడు లేకుండా వెలుగుతోంది.

వెనకనున్న నిస్సి కూడా పైకి చూసింది. సంగతి బోధపడింది. కీబోర్డు ఎదురుగానే ఉంది. ఒక్క మీట నొక్కితే ఇక చాంట్ తనదే. ఆమె వేలు మీటదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పెదవులు బిగించి, ఆయనకు మాత్రమే వినబడేటట్టు, అచ్చం పాత ట్యూబ్‌లైటు మాదిరిగా జుయ్యిమంది.

సారు గొంతు ఠక్కున అందుకుంది. సభ ఆ వెంట నడిచింది.

ఆరాధన ముగిశాక అందరూ ఆయన చుట్టూ చేరారు. “గీ వయసుల గూడ ఏం గొంతు సార్” అంది పద్మమ్మ. “మీరుండంగ కీబోర్డెందుకు?”

నిస్సి తల వంచుకొని వైర్లు చుట్టుకుంటోంది. సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు.

“కొత్త లైటు గూడ సుతి మంచిగనే ఇచ్చింది బిడ్డా. వచ్చే ఆదివారం సంది కీబోర్డు మీదనే ఇయ్యమను.”